బాలికల ఆత్మప్రత్యయము – ఆరుబయటి విద్య

 

ఎవరి సంస్మరణార్థము మనమీనాడు సమావేశమైతిమో ఆ ఉపాధ్యాయిని తరగతిగదిలో గణితము బోధించినవారు. సాయంకాలము ఆటస్థలములో గైడు దళములను నడిపినవారు. ఆమె శిష్యురాండ్రు, నేడు తామే తల్లులును అమ్మమ్మలును అయినవారు, ఆమెను తలచుకొనునపుడు బీజగణితసూత్రముల ప్రస్తావన అరుదుగా వచ్చును. శిబిరములు, త్రాళ్ళు, పొగచూరిన అన్నపుగిన్నెలు తరచుగా వచ్చును. ఉపన్యాసవిషయమును ఎన్నుకొను స్వేచ్ఛను నిర్వాహకులు నాకు ఒసగినపుడు, ఆ జీవితముతో పొత్తులేని పాండిత్యమునేదో తెచ్చి ఇచ్చట పరచుట ఉచితము కాదని తోచి, ఆరుబయట నేర్చు నైపుణ్యములును, నలుగురు కూడి చేయు కార్యములును బాలికలలో ఆత్మప్రత్యయమును ఏ విధముగా పెంపొందించునను ప్రశ్నను స్వీకరించితిని.

మన తార్కికులు జ్ఞానసాధనములైన ప్రమాణములను విభజించి చెప్పునపుడు ప్రత్యక్షమును మొదట నిలిపిరి. ఆప్తవాక్యరూపమైన శబ్దమును తుదకు చేర్చిరి. ఈ విభాగమును మనము పిల్లల పెంపకమునకు అన్వయించి చూతము. “నీవు తెలివిగలదానవు, నీవు తలచుకొనిన చేయలేని పని లేదు” అని తల్లియో ఉపాధ్యాయినియో పలుకు మాట శబ్దప్రమాణము. అది మంచి మాటయే. అయినను దాని బలము పలికినవారి యందున్నదే కాని విన్న పిల్లయందు లేదు. ఉదయము ఇంట పొగడినదానినే సాయంకాలము వీధిలో ఒకరు పరిహసించినచో, ఆ పిల్ల ఎవరి మాటను నమ్మవలెను? రాత్రి గాలివానలో తానును తన తోడివారును కట్టిన గుడారము తెల్లవారువరకు కూలక నిలిచినదని కన్నులార చూచిన పిల్లకు కలిగిన జ్ఞానము వేరు. అది ఒకరు ఇచ్చినది కాదు. కావున ఒకరు తీసివేయగలిగినదియు కాదు. అట్టి ప్రత్యక్షజ్ఞానము కలుగవలెనన్న, చేయు పని నిజమైన పని కావలెను. అది చెడిపోవుటకు కూడ అవకాశముండవలెను. చెడిపోవునేమోయని పెద్దలు నడుమ చేయిపెట్టరాదు. నేను చెప్పదలచినదంతయు ఈ మూడు నియమములలో ఇమిడియున్నది. మూడవదియే అన్నింటికంటె కఠినమైనది.

మన తెలుగునాట బాలికలకు ఆరుబయలు పూర్తిగా నిషిద్ధమై యుండెనని తలచుట సరికాదు. ఆశ్వయుజ బహుళ తదియనాడు, అట్లతద్దికి, చుక్కలుండగనే లేచి చద్ది తిని, వీధులవెంట ఆడి, చెట్టుకొమ్మలకు వ్రేలాడగట్టిన ఉయ్యాలలలో ఆకాశమునంటునట్లు ఊగిన బాలికలు మన అవ్వలే. తెలంగాణమున బతుకమ్మకు తంగేడు, గునుగు పూవులకై బీళ్ళవెంటను చెరువుగట్లవెంటను తిరిగి, ఏ పూవు ఏ వరుసలో పేర్చిన శిఖరము ఒరగక నిలుచునో చేతులతోనే తెలిసికొని, వలయముగా తిరుగుచు పాడిన సమూహము స్త్రీలదే. తొక్కుడుబిళ్ళ యందు శరీరపు తూకమును, అచ్చనగాయల యందు కంటికిని చేతికిని గల పొందికను, ఒప్పులకుప్ప యందు తోడిదానిని నమ్మి వెనుకకు వాలు ధైర్యమును మన బాలికలు అభ్యసించిరి. లోపమెచ్చటనన్న, ఈ స్వాతంత్ర్యమునకు పంచాంగములో తిథి కలదు. ఆ తిథి గడచినంతనే తలుపు మూసికొనును. వయస్సు వచ్చినంతనే ఆ తిథియు చెల్లిపోవును. తమ్ముడు ఏటిలో ఈదుచు, చింతచెట్టెక్కుచు, సైకిలుపై సంతకు పోవుచు ఎవరును నేర్పకయే నేర్చుకొను విద్య యావత్తు అక్కకు అందకుండపోయెను.

1874వ సంవత్సరమున ధవళేశ్వరములో వీరేశలింగం పంతులుగారు బాలికాపాఠశాలను నెలకొల్పినపుడు ఆడపిల్ల చదువునకై గడప దాటుటయే మహాసాహసము. ఆ సాహసము ఫలించినది. నేడు మన బాలికలు పరీక్షలలో బాలురకు తీసిపోవుట లేదు. కాని ఒక గడప దాటించి తెచ్చిన పిల్లను మరియొక నాలుగు గోడల నడుమ కూర్చుండబెట్టి, పుస్తకమునకే ఆమెను అప్పగించి, మన బాధ్యత తీరెనని మనము సంతృప్తిపడితిమి. మార్కుల పట్టికలో ప్రథమస్థానమున నున్న పిల్ల, రాత్రి దీపము ఆరిపోయినపుడు కాలు కదపలేక కేకవేయుట మనకు వింతగా తోచకుండుటయే వింత.

ఈ లోపమును మొదట గుర్తించినవారు పెద్దలు కారు, బాలికలే. 1908లో స్కౌటు ఉద్యమస్థాపకుడైన బేడెన్ పవెల్ ‘స్కౌటింగ్ ఫర్ బాయ్స్’ అను గ్రంథమును ప్రచురించెను. పేరునుబట్టియే అది బాలురకై వ్రాసినది. కాని చదివినవారు బాలురు మాత్రమే కారు. 1909 సెప్టెంబరు 4వ తేదీన లండను నగరమున క్రిస్టల్ పాలెస్ ఆవరణలో సుమారు 11,000 మంది బాలురు మహాసమ్మేళనమునకై కూడినపుడు, పిలువని పేరంటమునకు వచ్చినట్లు కొందరు బాలికలు టోపీలు ధరించి, కర్రలు పట్టి వచ్చి, తామును స్కౌట్లమేనని నిలిచిరి. వారిని కాదని పంపివేయుట సాధ్యము కాలేదు. మరుసటి ఏటనే, 1910లో, బాలికలకు ప్రత్యేకముగా గైడు సంస్థ ఏర్పడెను. బేడెన్ పవెల్ సోదరి ఆగ్నెస్ దానికి నాయకత్వము వహించెను. పెద్దల జంకు మాత్రము తీరలేదు. బాలుర దళములకు జంతువుల పేర్లుండగా బాలికల దళములకు పూల పేర్లు పెట్టుట యందు ఆ జంకు కనబడుచునేయున్నది. అయినను గులాబిదళమైనను మల్లెదళమైనను చేసిన పని ఒక్కటే: అవి గుడారము వేసినవి, నిప్పు రాజవేసినవి, దారి తెలిసికొని నడచినవి.

మన దేశమున ఈ ఉద్యమము 1911లో జబల్పూరున అడుగుపెట్టినది. ఆరంభమున అది ఐరోపీయ, ఆంగ్లో ఇండియన్ బాలికలకే పరిమితమై, కాలక్రమమున భారతీయ బాలికలకు విస్తరించినది. స్వాతంత్ర్యానంతరము, వేర్వేరుగా నున్న స్కౌటు సంస్థలు 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను పేర ఏకమైనవి. 1951 ఆగస్టు 15న గైడు సంఘము కూడ అందు చేరినది. అంతకు పూర్వమే, 1949లో, నేషనల్ కాడెట్ కోర్ నందు బాలికల విభాగము వెలసినది. చరిత్ర ఇంతతో చాలును. గైడు పద్ధతి యొక్క అంతరంగము ఇంతకంటె విచారింపదగినది.

ఆ పద్ధతి యావత్తు ఒక చిన్న ఏర్పాటుపై నిలిచియున్నది. ఆరుగురు మొదలు ఎనమండుగురు వరకు బాలికలు ఒక దళము. వారికి నాయకురాలు వారిలోనే ఒకతె. శిబిరమున ఒకతెకు వంటచెరకు, ఒకతెకు నీరు, ఒకతెకు వెచ్చముల పద్దు, మరియొకతెకు ప్రథమచికిత్సపెట్టె అప్పగింపబడును. మరునాడు వంతులు మారును. నలుబదిమంది గల తరగతిలో నోరు విప్పని పిల్ల సంవత్సరమంతయు ఎవరి కంటను పడక గడపవచ్చును. ఏడుగురి దళములో నీరు తెచ్చు వంతు తనదైననాడు ఆమె మరుగున దాగజాలదు. ఏలయన ఆమె నీరు తేనిచో బియ్యము ఉడుకదు, ఆరుగురు ఆకలితో ఆమె వంక చూతురు. తాను ఇతరులకు అక్కరకు వచ్చుచున్నానను అనుభవము, తాను లేనిచో ఒక పని నిలిచిపోవునను ఎరుక, బిడియమునకు ఏ ఉపదేశముకంటెను మేలైన మందు.

దళనాయకురాండ్రు కూడి కూర్చుండి శిబిరపు నియమములను, వ్యయమును, కలహములను విచారించు సభ ఒకటి గైడు వ్యవస్థలో కలదు. దానిని కోర్ట్ ఆఫ్ ఆనర్ అందురు. పెద్దలు అచ్చట సలహా చెప్పువారే. పండ్రెండేండ్ల బాలిక తన దళము పక్షమున మాటలాడి, ఎదుటివారి వాదమును విని, తనకు వ్యతిరేకముగా వచ్చిన తీర్మానమును కూడ తన వారిచేత అమలుపరపించుట సామాన్యమైన చదువు కాదు. మరియొక మేలు చెప్పకయే జరుగును: భిన్నకులముల, భిన్నమతముల పిల్లలు ఒకే పొయ్యిమీద వండి ఒకే గిన్నెలోనిది వడ్డించుకొని తినుట. సంఘసంస్కరణమును గూర్చి వారికి ఎవరును ఉపన్యసింపనక్కరలేదు. నడక ముగించి వచ్చిన పిల్లల ఆకలి ఆ పనిని చేయును.

ఇక నైపుణ్యముల సంగతి. పైనుండి చూచువారికి త్రాటిముడులు పిల్లలాటగా కనబడును. ఒకే మందము గల రెండు త్రాళ్ళను కలుపుటకు రీఫ్ నాట్ వేయుదురు: కుడికొసను ఎడమదానిపై త్రిప్పి, పిదప ఎడమకొసను కుడిదానిపై త్రిప్పవలెను. వరుస తప్పి రెండుమారులును ఒకే ప్రక్కకు త్రిప్పినచో ముడి చూచుటకు అట్లే యుండును, బరువు పడినంతనే జారును. త్రాళ్ళ మందములు వేరైనచో షీట్ బెండ్. గుంజకు త్రాడు చుట్టి నిలుపుటకు క్లోవ్ హిచ్. నీటిలో పడినవారి నడుమునకు వేసి లాగుటకు, ఎంత లాగినను బిగిసి ఊపిరి తీయని ఉచ్చుగల బోలైన్. త్రాటికి మొగమాటము తెలియదు. అధికారి కూతురైనను కూలివాని కూతురైనను సరిగా వేసిన ముడి నిలుచును, తప్పుగా వేసినది ఊడును. పక్షపాతము లేని ఇట్టి పరీక్షాధికారిని మన విద్యాలయములలో వెదకి తెచ్చుట కష్టము.

గుడారపు నూలుత్రాళ్ళు వానకు తడిసినపుడు కుంచించుకొని బిగిసి, నేలలోని మేకులను పెరికివేయును. కావున మబ్బు పట్టిన రాత్రి నిదురించుటకు ముందు వానిని కొంత వదులు చేయవలెను. రెండు అగ్గిపుల్లలకు మించి వాడక పొయ్యి రాజవేయవలెనన్న, ఎండుచిదుగులు క్రింద, సన్నపుల్లలు వానిపై, మొద్దులు పిమ్మట అను క్రమమును, గాలి ఏ వైపునుండి వీచుచున్నదను పరిశీలనమును అలవడవలెను. ఇవి యన్నియు చిన్న సంగతులే. కాని, రాబోవుదానిని ముందే ఊహించి ఏర్పాటు చేసికొను బుద్ధి ఈ చిన్న సంగతులలోనే పెరుగును. భయమునకు ఆ బుద్ధియే విరుగుడు.

వివాహసమయమున మనము పెండ్లికూతునకు అరుంధతిని చూపుదుము. పట్టపగలు ముహూర్తమైనచో కనబడని నక్షత్రమును కనబడినదని ఆమె తలయూపుటయు కలదు. అరుంధతి ఉన్నది సప్తర్షిమండలములో, వసిష్ఠుని చెంతనే. ఆ మండలముననే పులహునినుండి క్రతువు మీదుగా ఒక గీతను ఊహించి, ఆ రెండింటి నడుమనున్న దూరమునకు ఐదింతలు సాగించినచో ధ్రువుడు దొరకును. ధ్రువుడు క్షితిజముపై ఎంత ఎత్తున నుండునో ఆ ప్రదేశపు అక్షాంశమంతయే. అనగా హైదరాబాదునుండి చూచువారికి సుమారు 17 అంశల ఎత్తున, చాచిన చేతి పిడికిళ్ళు రెండింటికి లోపుగా, ఉత్తరపు దిక్కున నుండును. శీతకాలపు సంధ్యవేళ సప్తర్షులు కనబడనపుడు శర్మిష్ఠ అను నక్షత్రమండలము ఆ దారి చూపును. ఇన్ని తరములుగా ఒక్క నక్షత్రమును చూపి పతివ్రతాధర్మమును బోధించిన మనము, దాని ప్రక్కనేయున్న నక్షత్రములతో తన దిక్కును తాను తెలిసికొను ఉపాయమును కూడ ఆమెకు చెప్పియుండవచ్చును. ఆకాశము చేరువలోనే యున్నది; పాఠమును సగములో ఆపినవారము మనమే.

బాధ్యతను నమ్మి అప్పగించినపుడు బాలిక ఎట్లు నిలుచునో మన తెలుగుచరిత్రయే చూపినది. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదను ఆజ్ఞతో ఒక బాలికను స్వయంసేవికగా నిలిపిరి. ఆమెకు అప్పటికి 14 ఏండ్లు. జవాహర్‌లాల్ నెహ్రూ వచ్చినపుడు ఆయన చేత టిక్కెట్టు లేదు. ఆమె ఆయనను లోనికి పోనీయలేదు. నిర్వాహకులు పరుగున వచ్చి టిక్కెట్టు కొనియిచ్చిన పిమ్మటనే దారి విడిచెను. నెహ్రూ ఆమె ధైర్యమును మెచ్చుకొనెను. ఆ బాలికయే పిదప ఆంధ్రమహిళాసభను స్థాపించి, రాజ్యాంగపరిషత్తులో సభ్యురాలైన దుర్గాబాయి. ఈ వృత్తాంతమును ఆమె ధైర్యమునకు నిదర్శనముగా మనము చెప్పుకొందుము. నాకు అందు మరియొకటియు కనబడుచున్నది. ఆమెకు నిజమైన ద్వారమును, నిజమైన నియమమును ఎవరో అప్పగించిరి. అలంకారార్థము నిలిపిన బాలికయైనచో నమస్కరించి ప్రక్కకు తొలగియుండెడిది.

మన కాలమున మరియొక నిదర్శనము కలదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున వ్యవసాయకూలీల యింట పుట్టి, సాంఘికసంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుచుండిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏండ్ల 11 నెలల ప్రాయమున, టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరమును అధిరోహించెను. అప్పటి ఖమ్మము జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనందకుమార్ ఆ యాత్రలోనే శిఖరమును చేరెను. అంతకు ముప్పది సంవత్సరములకు పూర్వము, 1984 మే 23న, బచేంద్రీపాల్ ఆ శిఖరమునెక్కిన తొలి భారతీయమహిళ యైనది. పత్రికలు శిఖరమును వర్ణించినవి. విద్యావేత్త గమనింపవలసినది భువనగిరి కొండను. ఆ ఏకశిలపై త్రాడు పట్టుకొని మొదటి అడుగు వేయుట నేర్చిన పిమ్మటనే డార్జిలింగు, లడఖు, తుదకు హిమశిఖరము ఆ బాలికకు అందినవి. శిఖరము ఏ కొందరికో దక్కును. భువనగిరి వంటి గుట్టలు మన జిల్లాలలో ఎన్నో యున్నవి. వానిమీది మొదటి అడుగు ప్రతి బాలికకును దక్కవచ్చును. రికార్డుల నెలకొల్పుటయే పరమావధిగా పెట్టుకొన్నచో మిగిలిన పిల్లలందరును చప్పట్లు కొట్టువారే యగుదురు.

ఆక్షేపణములు లేకపోలేదు. పిల్లల రక్షణమును గూర్చి తల్లిదండ్రుల భయము నిరాధారమైనది కాదు. దానిని వెక్కిరించువారు ఈ విద్యకు మేలు చేయరు. శిబిరమునకు శిక్షణ పొందిన స్త్రీనాయకురాండ్రు ఉండవలెను. మరుగుదొడ్లు, శుభ్రమైన నీరు ఉన్న చోటునే ఎన్నుకొనవలెను. నెలసరి దినములలో నున్న బాలిక సంకోచింపక అడిగి పుచ్చుకొనదగిన వస్తువులు సిద్ధముగా నుండవలెను. లోతు తెలియని నీటిలోనికి ఎవరినైనను దింపరాదు. ఈ జాగ్రత్తలు పెద్దల విధి. వీనిని నెరవేర్చలేక, ఆ కారణముచే పిల్లను ఇంట నుంచుట విధిని తప్పించుకొనుటయే యగును.

ఇంట నుంచుటయే క్షేమమను నమ్మకమును కూడ పరీక్షింపవలసియున్నది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరము ఆక్స్‌ఫామ్ సంస్థ 2005లో వెలువరించిన పరిశీలనమున, పలుచోట్ల పురుషులకంటె స్త్రీలే ఎక్కువగా మరణించినట్లు తేలినది. కారణములలో ఒకటిగా శ్రీలంకను గూర్చి అందు చెప్పిన మాట మన మనస్సున నాటవలసినది: అచ్చట ఈతయు, చెట్టెక్కుటయు ముఖ్యముగా మగపిల్లలకే నేర్పుదురు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మరువని తీరము మనది. ఇట్టి దేశమున ఆడపిల్లకు ఈత నేర్పకుండుటను మర్యాదయని పిలుచుటకు నాకు నోరు రాదు.

ఇంతకంటె సూక్ష్మమైన అపాయము ఒకటి కలదు. అది శత్రువులనుండి కాక మిత్రులనుండియే వచ్చును. గైడు దుస్తులు ధరించిన బాలికలను నేను తరచుగా చూచునది కొండలపై కాదు, సభామండపముల వాకిళ్ళవద్ద. ఆలస్యముగా రానున్న ముఖ్యాతిథికై ఎండలో రెండు వరుసలుగా నిలుచుండి, పళ్ళెములలోని పూలు వాడిపోవుచుండగా, వారు చేయుచున్న అభ్యాసము దేనికి? కార్యక్రమపత్రమున ‘సామూహిక కార్యము’ అని దానిని వ్రాసికొందుము. దుస్తులు, చిహ్నములు, వందనములు పద్ధతికి బాహ్యములు. బాలికకు నిర్ణయాధికారము లేనిచోట దళము అలంకారము. ఆమె కట్టిన గుడారమును రాత్రివేళ సేవకుడు వచ్చి మరల కట్టినచోట శిబిరము విహారయాత్ర. ముందు చెప్పిన మూడు నియమములలో ఏ ఒక్కటి లోపించినను ఆత్మప్రత్యయము పుట్టదు. సర్టిఫికెట్టు మాత్రము వచ్చును.

కావున ఈ సభలోనున్న ప్రధానోపాధ్యాయినులకు, తల్లిదండ్రులకు నా మనవి సంగ్రహముగా నిది. వారమునకు ఒక సాయంకాలమైనను బాలికలను చిన్న దళములుగా విడదీసి మైదానమున విడువుడు. శిబిరము జరుపునపుడు స్థలనిర్ణయము, వెచ్చముల జాబితా, ఖర్చుల లెక్క వారిచేతనే చేయింపుడు. ఉప్పు కొనుట మరచినచో ఆ పూట చప్పిడికూరయే తిననిండు, మీరు అంగడికి పరుగెత్తవలదు. సమర్థురాలైన పిల్లకే నాయకత్వమును ఏటేట కట్టబెట్టక, వెనుకబడిన పిల్లకు కూడ వంతు రానిండు. తుదిదినమున తల్లిదండ్రులు అతిథులుగా వచ్చి, బిడ్డలు వండినది తిని, వారు చూపినదానిని చూచి, సలహా చెప్పకుండ వెళ్ళవలెను. ఈ చివరి మాటయే అన్నింటికంటె కష్టమని నేనెరుగుదును.

బాలికలకు కొరతయైనది ధైర్యము కాదని 1909లో లండనునందును, 1923లో కాకినాడయందును, భువనగిరి కొండపైనను వారే మనకు చూపియున్నారు. వారు నేర్వవలసిన ముడులను వారు నేర్తురు. మనము నేర్వవలసిన విద్య ఒకటి మిగిలియున్నది: పనిని అప్పగించిన పిమ్మట మన చేతులను వెనుకకు కట్టుకొని నిలుచుండుట. ఈ ఉపన్యాసనిధి ఎవరి స్మృత్యర్థము ఏర్పడెనో ఆ ఉపాధ్యాయినికి ఆ విద్య సంపూర్ణముగా తెలిసియుండెనని ఆమె శిష్యురాండ్ర జీవితములే చెప్పుచున్నవి.